పదకొండు కంచాలు

సకీనా ఒళ్లు మండించాలంటే పెద్దగా కష్టపడక్కర్లేదు. ఆమె ఎదురుగా కూర్చుని సెల్‌ఫోన్లో ఒక మెసేజీ పంపితే చాలు. మెనూ నొక్కాలి, అందులో మెసేజీలు వెతకాలి, కొత్తది రాస్తావా అని అది అడిగితే అవునని నొక్కాలి, ఆపైన 'అన్నం' అనే ముక్కను ఇంగ్లీషు అక్షరాల్లో కూడబలుక్కోవాలి, ఒక్కో అక్షరానికి మీటను రెండుసార్లో మూడుసార్లో పొడవాలి, ఆఖర్న అది ఎవరికి పోవాలో వాళ్ల పేరు కోసం మళ్లీ తవ్వుకోవాలి. ఇంతా చేశాక పొరపాటున ఎర్ర మీట తగిలిందంటే పడ్డ పాటంతా గంగలో కలిసినట్టే. ప్రొద్దుటూరులో ఆమె మేనమామ హుమాయున్ నడిపే సెల్ అంగడికి వచ్చేవాళ్లలో చాలామంది ఈ తతంగం ఒకసారి చూసి, మెసేజీకో దండం పెట్టి, ఫోను జేబులో వేసుకుని పోయేవాళ్లు.

"ఈ ఫోను తయారు జేసినోడు ఒక్కనాడన్నా మన బస్టాండులో నిలబడి మెసేజీ పంపింటే తెలిసేది మామూ," అని గొణిగేది సకీనా.

ఆమె బీయస్సీలో కంప్యూటర్లు చదివింది. ఆ చదువుకు మేనమామ ఇచ్చిన ఉద్యోగం, అంగడి వెనక పరదా చాటున కూర్చుని జనం ఫోన్లలోకి పాటలు ఎక్కించడం. ఆమె కన్ను మాత్రం ముందు బల్ల మీద ఉండేది. ముందు బల్ల దగ్గర కూర్చుంటే ఫోను పట్టుకున్న మనిషి బొటనవేలు ఎక్కడ తడబడుతుందో, ఎక్కడ విసిగిపోతుందో కళ్లారా చూడొచ్చు. పరదా చాటున గోడ తప్ప ఏమీ కనబడదు. కువైట్‌లో ఏళ్ల తరబడి ఏసీలు బాగుచేసి వచ్చి, ఆ కష్టంతో ఈ అంగడి పెట్టిన హుమాయున్‌కు మేనకోడలంటే ప్రాణమే గానీ, ముందు బల్లంటే ఇంకొంచెం ఎక్కువ ప్రాణం.

"పాటలెక్కించే పిల్ల నాకుంది బేటీ, బేరం తెచ్చే పిల్ల ల్యా," అన్నాడు ఒకరోజు. "ఒక పెద్ద బేరం తే. బల్ల నీది. నేనే పరదా ఎనక్కి పోయి కూర్చుంటా."

ఆయన ఆ మాట సరదాకే అన్నాడు. సకీనా సరదాకు వినలేదు. తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని ఒక చిన్న ప్రోగ్రాము రాసింది. దాన్ని ఫోనులో ఎక్కిస్తే తెర మీద నాలుగు బొమ్మలు కనబడతాయి. ఒక్కో బొమ్మకు ఒక మీట. మీట నొక్కితే ముందే రాసిపెట్టిన కబురు ముందే చెప్పిపెట్టిన నంబరుకు పోతుంది. రాయక్కర్లేదు, చదవక్కర్లేదు, వెతకక్కర్లేదు. ఇక కావలసిందల్లా దాన్ని వాడే మనుషులు.

ఆ మనుషులను తెచ్చిపెట్టినవాడు కమాల్ బాషా. కంబగిరి రెడ్డి బండి నడిపే డ్రైవరు, హుమాయున్‌కు పాత స్నేహితుడు. ఫోనుకు కొత్త తొడుగు వేయించుకోవడానికి వచ్చి, సకీనా బొమ్మలను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మా రెడ్డి ఇంట్లో అన్నం లెక్కకు ఇది పనికొస్తాదేమో పాపా," అన్నాడు.

ఆ అన్నం లెక్క ఏమిటో చెప్పాలంటే రెడ్డి సంగతి కొంచెం చెప్పాలి. జమ్మలమడుగు దాటి మైలవరం పోయే దారిలో ఆయన ఊరు. ఆ చుట్టుపక్కల ఒక వర్గానికి పెద్ద, పార్టీలోనూ పెద్దే, వచ్చే ఏడు ఎన్నికల్లో టికెట్టు దొరికితే ఇంకా పెద్ద కావాలని చూస్తున్నవాడు. తండ్రుల నాటి కక్ష ఒకటి ఆయనకు ఆస్తితో పాటే వచ్చింది. గొడవలు జరిగింది పులివెందుల పక్క గనుక వాయిదాలకు ఆ కోర్టుకే పోవాలి. వాయిదాకు ఒంటరిగా పోయే అలవాటు వర్గాల్లో ఎవరికీ లేదు. రెండు బండ్లు, వాటినిండా మనుషులు. పోయినవాళ్లందరికీ తిరిగొచ్చాక రెడ్డి ఇంట్లోనే అన్నం, అది తాతల నాటి మర్యాద. ఆ పొద్దు వాళ్ల భార్యలంతా రెడ్డి ఇంటికే వచ్చి వంటలో చెయ్యి వేస్తారు. వంట అనేది పేరుకు. వాళ్లు వచ్చేది ఎదురుచూడటానికి.

"దావలో ఫోన్ మాట్లాడగూడదని రెడ్డి ఆర్డరు," అన్నాడు బాషా. "ఒగసారి మావోడొకడు ముద్దనూరులో టీ తాగతా, ఈడుండాం, ఇట్ల వస్తాండాం అని గట్టిగా ఫోన్‌లో చెప్పినాడు. అవతలోళ్ల మనిషి పక్క బెంచీ మీదనే ఉండాడు. ఆ పొద్దు ఏం కాల్యా గానీ, ఆ దెబ్బతో అందరి నోర్లు మూయించినాడు రెడ్డి. ఇంట్లో సంతోషమ్మకేమో ఎంతమందికి వండల్లో తెలీదు."

సంతోషమ్మ రెడ్డి ఇంటి వంటకు పెద్ద. ఆమె భర్త పేతురు రెడ్డి వెంట తిరిగే మనుషుల్లో ఒకడు. దారిలో పార్టీవాళ్లు తగులుకుని ఒక్కోసారి పాతికమంది దిగేవాళ్లు, ఒక్కోసారి పోయినవాళ్లలో సగం మంది జమ్మలమడుగులోనే దిగిపోయేవాళ్లు. ఒక వాయిదాకు ఆమె గుండిగెడు అన్నం వండితే మూడొంతులు గేదెలకు పోయింది. దాని తరవాతి వాయిదాకు చెయ్యి దగ్గర పెట్టుకుని వండితే, రెడ్డి అంతటివాడు మజ్జిగ తాగి పడుకున్నాడు.

సకీనా మర్నాడే ఆ ఊరికి బయల్దేరింది. ఫోను తీసుకుపోలేదు. పాత పెళ్లిపత్రికల అట్టలు ఫోను అంత కత్తిరించి, వాటి మీద మీటలు గీసి, నాలుగు బొమ్మలు అతికించి తీసుకుపోయింది. మనుషుల చేతికి అట్ట ఇచ్చి, ఏం చెప్పకుండా, వేలు ఎటు పోతుందో చూడటం ఆమె పద్ధతి. ఇల్లు బొమ్మ అంటే క్షేమం. బండి బొమ్మ అంటే బయల్దేరాం. పొయ్యి బొమ్మ అంటే ఎసరు పెట్టు. కంచం బొమ్మ అంటే ఎంతమంది తింటామో ఆ లెక్క.

"ఈ ఇల్లు ఎందుకు పాపా?" అంది సంతోషమ్మ. "బాగుంటేనే గదా మెసేజి పంపేది."

ఇల్లు పోయింది. బండీ పోయింది, బయల్దేరకుండా అన్నం ఎవరు అడుగుతారని. పొయ్యి బొమ్మ దగ్గర పేతురు కలగజేసుకున్నాడు. ఎంతమందో తెలిశాక ఎసరు పెట్టమని వేరే చెప్పాలా, మా ఆడోళ్లకు ఆ మాత్రం తెలీదా అన్నాడు. సంతోషమ్మ అతన్ని చూసిన చూపుకు అతను లేచి బయటికి పోయాడు గానీ, పొయ్యి కూడా పోయింది. కంచం ఒక్కటే మిగిలింది.

సకీనాకు అంత సంబరం ఎప్పుడూ కలగలేదు. ఎన్ని పీకేసినా పని జరుగుతూనే ఉందంటే ఆమెకు పండుగే. పదిమంది పది ఫోన్లు తీయనక్కర్లేదు, బాషా ఒక్కడి ఫోను చాలు. ఎంతమంది తింటారో అన్నిసార్లు మధ్య మీట నొక్కి, పచ్చ మీట నొక్కితే అయిపోయె. వంటింట్లో ఫోను టింగుమని మోగి, తెర మీద అన్ని కంచాలు వరసగా కనబడతాయి. అంకెలు రానివాళ్లు కూడా లెక్కబెట్టుకోవచ్చు. నొక్కింది పోకపోవడమనే మాటే లేదని ఆమె అందరికీ నొక్కి చెప్పింది.

కంబగిరి రెడ్డికి కూడా నచ్చింది. ఆయన అట్టను చేతిలోకి తీసుకోకుండానే చూశాడు.

"పేరు ల్యా, ఊరు ల్యా, ఎవుడన్నా సూసినా ఏం అర్థం గాదు. బాగుంది," అన్నాడు. "వచ్చే వాయిదాకు పెడదాం. పనిచేసిందనుకో, ఎన్నికలకు మా పార్టీ మనుషులందరికీ ఇదే. రెండొందల ఫోన్లు మీ మామ అంగట్లోనే."

ఆ రాత్రి హుమాయున్ ముందు బల్లను గుడ్డతో తుడుస్తూ, దానికి వీడ్కోలు చెబుతున్నట్టు రెండుసార్లు నిమిరాడు.

వాయిదా రంజాను నెలలో పడింది. సకీనా పొద్దున్నే జమ్మలమడుగులో బస్సు దిగి, ఆటో ఎక్కి ఊరు చేరేసరికి రెండు బండ్లూ వాకిట్లో సిద్ధంగా ఉన్నాయి. సంతోషమ్మ ఆమె చేతిలో బొరుగుల ఉగ్గాని గిన్నె పెట్టబోయింది.

"వద్దక్కా, రోజా ఉండాను," అంది సకీనా.

"అవును గదూ, మీకు ఉపవాసాలు గదా," అని సంతోషమ్మ గిన్నె వెనక్కి తీసుకుపోయింది.

మగవాళ్లు బండ్లెక్కుతుంటే ఆడవాళ్లు వాకిట్లో నిలబడ్డారు. పోయేవాళ్లను లెక్కబెట్టకూడదని పైకి అందరూ అంటారు, లోపల అందరూ లెక్కబెడతారు. రెడ్డితో, బాషాతో కలిపి పదకొండు మంది. దుమ్ము అణిగేదాకా అందరూ దారి వంకే చూశారు. తరవాత రెడ్డి భార్య ఓబులమ్మ చీరకొంగు బొడ్లో దోపి, "పాండి, వంకాయలు తరగండి," అంది.

ఆ ఇంట్లో వాయిదా రోజు పని అంతా నవ్వుల మధ్యనే జరుగుతుంది. నవ్వకపోతే ఇంకేం చేయాలో వాళ్లకు తెలీదు. వంకాయలు తరిగారు, చెనక్కాయలు వేయించి పచ్చడి నూరారు, పేతురు గురక గురించి సంతోషమ్మ చెప్పింది విని సకీనా కూడా కడుపుబ్బ నవ్వింది. మూడు గంటల వేళ గూట్లో పెట్టిన ఫోను టింగుమంది.

అందరూ దాని మీద వంగారు. తెర మీద కంచాలు వచ్చాయి. పైవరసలో నాలుగు, మధ్యలో నాలుగు, కిందివరసలో రెండు. సంతోషమ్మ చప్పట్లు కొట్టింది. పులివెందుల దావలో నుంచి నా వంటింట్లోకి కంచాలు వచ్చినాయని మురిసిపోయింది. మూడో పొయ్యి మీద ఎసరు ఎక్కించి బియ్యం కొలవబోతూ, చేతిలో శేరు అట్లాగే పట్టుకుని ఆగిపోయింది.

"పదేనా?" అంది.

మళ్లీ లెక్కబెట్టారు. తెర మీద వేలు పెట్టి ఒకరి తరవాత ఒకరు లెక్కబెట్టారు. ఎవరు లెక్కబెట్టినా పదే వచ్చాయి. పొద్దున పోయింది పదకొండు మంది.

సకీనాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తనూ వేలు పెట్టి మళ్లీ లెక్కబెట్టింది. జమ్మలమడుగులో దిగితే గుంపుగా దిగుతారు, ఒంటరిగా ఎవరూ దిగరు. ఆ ఇళ్లలో ఒకరు తగ్గడమంటే ఏమిటో ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇదే వాకిట్లో ఓబులమ్మ మరిది ఒకప్పుడు బండెక్కి పోయాడు, తిరిగొచ్చిన బండిలో అతను లేడు. ఓబులమ్మ బాషాకు ఫోను చేయించింది. సిగ్నల్ లేదని ఫోనులో ఎవరో అమ్మాయి తీయగా చెప్పింది. పేతురుకు చేస్తే అదే అమ్మాయి. ముద్దనూరు అవతలి గుట్టల్లో బండి ఉందంటే ఎవరికి చేసినా ఆ అమ్మాయే.

"మీట ఒగసారి సరిగ్గా పడలేదేమో రెడ్డెమ్మా," అంది సకీనా. తన ప్రోగ్రాములో తప్పుండాలని ఆమె జీవితంలో మొదటిసారి కోరుకుంది.

"పడకుండా పోదని నువ్వే గదా చెప్పినావు," అంది ఓబులమ్మ.

సకీనా మళ్లీ తెర వంక చూసింది. ఇల్లు బొమ్మ ఉంటే, బండి బొమ్మ ఉంటే, కనీసం ఒక పేరు రాసే చోటు ఉంటే ఇప్పుడు ఏదో ఒకటి తెలిసేది. అన్నీ పీకేసి, మిగిలినదాన్ని చూసి మురిసిపోయింది తనే. ఆ తెర మీద పది కంచాలున్నాయి. ఏ కంచం ఎవరిదో వాటి మీద రాసి లేదు. అందుకే పదిమంది ఆడవాళ్లూ ఎవరికి వాళ్లు ఆ లేని కంచం తమ ఇంటిదేనని గోడకు చేరబడ్డారు. ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే అది ఖాయమైపోతుందని భయం. ఎట్లాగూ కావలసిందేనని మొదటి పొయ్యి మీద ముందే వండి దమ్ములో పెట్టిన అన్నం సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఎంతసేపు గడిచిందో గానీ, ఓబులమ్మే ముందు తేరుకుంది. సకీనా మొహం చూసి, ఆమెకు ఎక్కడ కళ్లు తిరుగుతాయోనని కడవలో నీళ్లు ముంచి చెంబు అందించింది.

"ఇంత గొంతు తడుపుకో పాపా."

"వద్దు రెడ్డెమ్మా, రోజా ఉం..." అని సకీనా మధ్యలోనే ఆగింది. చెంబు వంక, ఫోను వంక చూసింది. "బాషన్న. రెడ్డెమ్మా, బాషన్న గూడ రోజా ఉండాడు. ఎంతమంది తింటారో అన్నిసార్లు నొక్కమని నేనే చెప్పినా. ఆయన తినడు. అందుకే తనను లెక్కబెట్టుకోల్యా."

బాషా భార్య జానీబీ అక్కడే ఉంటే ఈ మాట మొదట్లోనే చెప్పి ఉండేది. కానీ ఆమె కూడా రోజా ఉండి, ఇఫ్తారు వంట చూసుకోవాలని ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయింది.

"ఖాయంగానా?" అంది సంతోషమ్మ.

సకీనా ఖాయమని ఎలా చెబుతుంది? అయ్యుంటుంది అంది. అయ్యుంటుంది అన్న మాట అక్కడ ఎవరికీ సరిపోలేదు. బండ్ల చప్పుడు కోసం అందరూ చెవులు రిక్కించారు. వినబడ్డాక అందరూ ఒక్కసారే వాకిట్లోకి పరిగెత్తారు.

మగవాళ్లు ఒక్కొక్కరే దిగారు. ఈసారి ఆడవాళ్లు పైకే లెక్కబెట్టారు. పేతురు దిగాడు, రెడ్డి దిగాడు, అందరికన్నా ఆఖర్న డ్రైవరు తలుపు తీసుకుని బాషా దిగాడు. పదకొండు. సంతోషమ్మ అక్కడే మట్టిలో కూలబడి నవ్వుతూ ఏడ్చింది. అప్పుడు మాడు వాసన అందరికీ తగిలింది.

"ఏంది ఇది?" అన్నాడు రెడ్డి. "అన్నం మాడ్చి ఏడుస్తాండారా?"

జరిగింది సకీనా చెప్పింది. బాషా తల గోక్కున్నాడు.

"తినేటోళ్లనే నొక్కమన్నావు గదా పాపా. నన్నుగూడ నొక్కితే ఒక కంచం అన్నం వేస్టు గదా."

మగవాళ్లు పగలబడి నవ్వారు. బాషా చేసిందాంట్లో తప్పేం లేదు, చెప్పింది చెప్పినట్టు చేశాడు. సకీనాకే తల కొట్టేసినట్టయింది. తెల్లవారుజాము నుంచి తను కూడా ఖాళీ కడుపుతో తిరుగుతూ, ఉపవాసమున్న మనిషి లెక్కలో ఎక్కడ పడతాడని ఒక్కసారి ఆలోచించలేదు.

నవ్వులు సద్దుమణిగాక సంతోషమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేనొక పాపం జేసినా రెడ్డీ," అంది. "ఆ పోయినోడు మా పేతురు గాకూడదని ప్రార్థన చేసుకున్నా. మా పేతురు గాకుంటే ఇంకెవరో ఒకరు కావల్ల గదా. వీళ్లందరూ నా పక్కనే ఉండారు. అయినా చేసుకున్నా."

మిగతా ఆడవాళ్లు కూడా తలలు దించుకున్నారు. వాళ్లు కూడా అదే ప్రార్థన చేసుకున్నారని అందరికీ తెలిసిపోయింది. రెడ్డి నవ్వు ఆగిపోయింది. ఆయన ఆ ఆడవాళ్లను వాయిదా రోజుల్లో ఎన్నోసార్లు వాకిట్లో చూశాడు గానీ, ఎందుకు నిలబడతారో ఆ రోజే మొదటిసారి చూసినట్టు చూశాడు. ఏం చేయాలో తోచక కోపం తెచ్చుకున్నాడు.

"పాపా, నీ మిషనెత్తుకొని పో," అన్నాడు.

పండుగ వెళ్లేదాకా సకీనా పరదా చాటునే పాటలు ఎక్కించింది. హుమాయున్ ఆమెను ఏడిపించడానికి రోజూ బల్ల మీద చెయ్యి వేసి, "దీనికి నా మీద బెంగ పెట్టుకునే అవసరం తప్పింది బేటీ," అనేవాడు. ఆమె ఏమీ అనకపోయేసరికి ఆయనకే బెంగ పట్టుకుంది. పండుగకు కొత్త బట్టలతో పాటు ఆమెకు రెండు రకాల సేమ్యాలు తెచ్చిపెట్టాడు.

ఒకరోజు మధ్యాహ్నం అంగడి ముందు రెడ్డి బండి ఆగింది. దిగింది ఓబులమ్మ ఒక్కతే. చీరల కోసం ప్రొద్దుటూరు వచ్చినట్టు చేతిలో రెండు సంచులు ఉన్నాయి. హుమాయున్ లేచి కుర్చీ చూపించాడు.

"ఆ పాప యాడ?" అంది.

"పరదా ఎనకాల రెడ్డెమ్మా."

"నేను మాట్లాడల్సింది ఆ పాపతో. నేను ఆడికి పోయి కూర్చుందునా, ఆమె ఈడికి వస్తాదా?"

హుమాయున్ ఒక క్షణం ఆలోచించి, తన స్టూలు ఖాళీ చేసి పక్కకు నిలబడ్డాడు. సకీనా వచ్చి ముందు బల్ల దగ్గర మొదటిసారి కూర్చుంది. ఓబులమ్మ చుట్టూ తిప్పి మాట్లాడే మనిషి కాదు.

"పదకొండు ఫోన్లు కావల్ల. ఒక్కోదాంట్లో ఒక్కటే మీట. ఎవరి మీట వాళ్లే నొక్కల్ల. నొక్కితే మా వంటింట్లో వాళ్ల మొగం కనబడల్ల. తినేదీ తిననిదీ ఇంటికొచ్చినాక చూసుకుంటాం."

సకీనా ప్రాణం ఒప్పుకోలేదు. ఒక్క మెసేజీతో అయ్యేదానికి పదకొండా? ఎంత కష్టపడి పీకేసింది అదంతా.

"మొగాలన్నీ బాషన్న ఫోనులోనే పెడతా రెడ్డెమ్మా. ఆయనే వరసగా నొక్కితే సరిపోతాది."

"బాషా నొక్కితే బాషా బాగుండాడని తెలుస్తాది," అంది ఓబులమ్మ. "పేతురు బాగుండాడని పేతురు నొక్కల్ల. మా సంతోషమ్మకు కావల్సింది అది. లెక్క గాదు."

సకీనా కాసేపు బల్ల మీద వేలితో మీటలు గీస్తూ కూర్చుంది. తను మనుషుల బొటనవేళ్ల కష్టాన్ని తగ్గించాలనుకుంది. వంటింట్లో కూర్చున్నవాళ్లకు కావలసింది ఆ వేలే. ఆ సంగతి తెలిశాక ఆమెకు పెద్దగా బాధ వేయలేదు. మొగాల బొమ్మలు ఎంత సైజు పెట్టాలా అని అప్పుడే ఆలోచన మొదలైంది.

"రెడ్డి గూడ నొక్కల్నా?" అంది కొంచెం భయంగా.

"ఏం, రెడ్డి తినడా?" అంది ఓబులమ్మ. "నేను జేతునా ఆ పని అని ఆయనా అడిగినాడు. నొక్కనోళ్లకు కంచం ల్యా అని చెప్పినా."

ఆమె వెళ్లిపోయాక హుమాయున్ స్టూలు వంక ఆశగా చూశాడు. రెండొందలన్నది పదకొండయిందని గుర్తుచేశాడు. ఇది గనక బాగా నడిస్తే అప్పుడు బల్ల ఖాయం చేస్తానన్నాడు. అంటూనే చాయ్ గ్లాసు తీసుకుని పరదా వెనక్కి పోయాడు.

చలికాలంలో మళ్లీ వాయిదా వచ్చింది. సకీనా ఒక్కొక్కరి ఫోటో తీసి వంటింటి ఫోనులో పెట్టింది. రెడ్డి మాత్రం ఫోటోకు కూర్చోలేదు. చేసేది లేక పార్టీ పోస్టరులోది తీసి పెట్టారు. అందులో ఆయన రెండు చేతులూ జోడించి ప్రజలందరికీ దండం పెడుతున్నాడు.

మూడు గంటలు దాటాక ఫోను మోగింది. మొదటి మొహం పేతురుది. సంతోషమ్మ "వచ్చినాడు నా సామి," అని కంచం కడిగి నడవాలో వేసింది. ఆపైన ఒకదాని వెనక ఒకటి. మొహం కనబడగానే ఆ మనిషి భార్య లేచి కంచం వేసి, మంచినీళ్ల గ్లాసు పెట్టి, మళ్లీ వచ్చి కూర్చునేది. ఈసారి రోజాల నెల కాదు గనుక జానీబీ కూడా వచ్చింది. బాషా మొహం రాగానే, మీసాలు సరిగ్గా దువ్వుకోలేదని అందరిముందూ తిట్టింది. సకీనా గోడకు ఆనుకుని వేళ్ల మీద లెక్కబెట్టుకుంటూ ఉంది. పది కంచాలు పడ్డాయి. రెడ్డి మొహం రాలేదు.

భయపడాల్సింది ఏమీ లేదు. రెడ్డి కూర్చునేది బాషా పక్కనే, బాషా కబురు వచ్చేసింది. ఆ మాట ఇద్దరు ముగ్గురు పైకే అన్నారు. ఓబులమ్మ అవునవునని తలాడించి, పచ్చడికి ఉప్పు చూసింది, చూసిన ఉప్పే మళ్లీ చూసింది. పదకొండో కంచం కడిగి ఒళ్లో పెట్టుకుని పొయ్యి పక్కన కూర్చుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఎటు పోయాడో, ఎప్పుడొస్తాడో, ఉన్నాడో లేడో ఆమెకు చెప్పింది ఎప్పుడూ ఇంకొకరే. డ్రైవర్లు చెప్పారు, జీతగాళ్లు చెప్పారు, ఒకసారి పోలీసులు చెప్పారు. ఆయన తనకు తానుగా ఒక్క కబురు పంపిన పాపాన పోలేదు. అది అడగొచ్చని ఆమెకు కూడా తెలీదు.

ఫోను టింగుమంది. రెండు చేతులూ జోడించుకుని కంబగిరి రెడ్డి తెర మీదికి వచ్చాడు.

ఆడవాళ్లు నవ్వడానికి నోరు తెరిచేలోపే మళ్లీ టింగుమంది. మళ్లీ రెడ్డి, మళ్లీ దండం. ఆ వెంటనే మూడోసారి.

సకీనాకు చెవులు ఎర్రబడ్డాయి. ఇంతమంది ముందు తన ప్రోగ్రాములో పొరపాటు బయటపడింది. మోటు వేలితో మీటను అదిమి పట్టుకుంటే కబురు వెంటవెంటనే పోతోంది. గబగబా ఫోను చేతిలోకి తీసుకుంది.

"గట్టిగా అదిమినట్టుండాడు రెడ్డెమ్మా. ఒగసారి నొక్కితే ఒగసారే పోయేటట్టు ఇప్పుడే సరిజేస్తా."

ఓబులమ్మ ఆ ఫోను ఆమె చేతిలోంచి తీసుకుంది. తెరను కొంగుతో తుడిచి, ఆ దండం వంక కాసేపు చూసింది.

"ఏమీ సరిజెయ్యొద్దు," అంది. "అట్లనే ఉండనీ."

ఆ తరవాత లేచి, ఒళ్లోని కంచం తీసుకుపోయి వరసలో మొదటి చోట వేసింది.